లాకింగ్ హబ్ పట్టేస్తే: లక్షణం చూసి కారణం పట్టుకోవడం, హబ్ మార్చడం

పార్ట్-టైమ్ ఫోర్-వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం పంపే) ట్రక్కులో ముందు చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కలిపేదీ, విడదీసేదీ లాకింగ్ హబ్. ఫ్రీలో ఉంటే చక్రం ఒక్కటే తిరుగుతుంది, షాఫ్ట్ ఆగి ఉంటుంది. హబ్ మూత మీది డయల్‌ను లాక్‌కి తిప్పితే లోపలి క్లచ్ రింగు స్ప్రింగు బలంతో జరిగి, షాఫ్ట్ పళ్లనూ హబ్ బాడీ పళ్లనూ కలుపుతుంది. ఆ రింగు జరగడం మానేస్తే హబ్ పట్టేసినట్టే. కొత్త హబ్ బిగించడం ఒక పూట పని. కానీ పాతది ఎందుకు పట్టేసిందో తేల్చుకోకుండా బిగిస్తే, దాన్ని పాడుచేసిన నీళ్లో నూనో కొత్తదాన్నీ పాడుచేస్తాయి. అందుకే విప్పే ముందు రెండు పరీక్షలు, విప్పాక గ్రీజును పరిశీలించడం తప్పనిసరి.

తప్పు హబ్‌దేనా?

బండిని చదునైన నేల మీద ఆపి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా యాక్సిల్ స్టాండు తప్పక పెట్టాలి.

మొదటి పరీక్ష ఫ్రీలో. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకు బలం పంపే గేర్ల పెట్టె) 2హెచ్‌లో, అంటే వెనక చక్రాలకే బలం అందే స్థానంలో, హబ్ ఫ్రీలో పెట్టి, పైకి లేపిన ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. షాఫ్ట్ కదలకూడదు. గ్రీజు రాపిడికి షాఫ్ట్ కాస్త తిరిగినా, చేత్తో పట్టుకోగానే ఆగితే భయం లేదు. పట్టుకున్నా ఆగకపోతే హబ్ లాక్‌లోనే ఉండిపోయింది. షాఫ్ట్ బయటికి కనబడని బండ్లలో రెండో వైపు చక్రాన్ని నేల మీదే ఉంచి, ఆ హబ్‌ను లాక్ చేసి, ఈ చక్రాన్ని తిప్పుతూ ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు యాక్సిల్‌కి వెళ్లే పొడవాటి షాఫ్ట్) గమనించండి. అది తిరిగితే ఈ వైపు హబ్ విడిపోలేదని అర్థం.

రెండో పరీక్ష లాక్‌లో. రెండు హబ్‌లూ లాక్ చేసి, 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం అందే స్థానం) వేసి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, ఒక్క ముందు చక్రాన్నే లేపండి. ముందు డిఫరెన్షియల్ (రెండు ముందు చక్రాలకు బలం పంచే గేర్లు) మామూలుదైతే ఆ చక్రం కొద్దిగా ఆడి ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ఏది తిరుగుతోందో చూడండి. షాఫ్ట్ కదలకుండా చక్రం ఒక్కటే తిరిగితే ఈ హబ్‌దే తప్పు. షాఫ్ట్ కూడా తిరుగుతూ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆగి ఉంటే మొదట రెండో వైపు హబ్‌ను అనుమానించండి. ప్రొపెల్లర్ షాఫ్టూ తిరుగుతుంటే 4హెచ్ పడలేదు. తప్పు ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది, హబ్ జోలికి వెళ్లకండి. ఈ పరీక్ష చేయకుండా హబ్‌లు కొని, తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు విప్పేవాళ్లు చాలామంది.

డయల్ తిరగడం లేదు

లాక్ నుంచి ఫ్రీకి మాత్రమే రాకపోతే చాలాసార్లు హబ్ చెడిపోలేదు. పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిరిగితే ముందు, వెనక షాఫ్ట్‌ల మధ్య మెలి పడి, ఆ బిగువు హబ్ పళ్లను నొక్కిపడుతుంది. 2హెచ్‌కి మార్చి, నిటారుగా రెండు మూడు మీటర్లు వెనక్కి నడపండి. డయల్ చేతికి వచ్చేస్తుంది.

సగం తిరిగి ఆగితే పళ్లు ఎదురెదురుగా వచ్చాయి. బండిని కాస్త ముందుకు నెట్టి మళ్లీ తిప్పండి.

ఏ వైపూ తిరగకపోతే డయల్‌కూ మూతకూ మధ్య మట్టి, తుప్పు పేరుకుంది. చుట్టూ శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. తర్వాత చేత్తోనే అటూ ఇటూ ఆడించండి. ప్లయరు మాత్రం వేయకండి. డయల్ కింది చిన్న కొక్కేలు విరుగుతాయి, డయల్ వంకర తిరిగితే ఓ-రింగు (నీళ్లను ఆపే రబ్బరు రింగు) సరిగా కూర్చోక నీళ్లకు దారి పడుతుంది. చేతికి లొంగకపోతే మూత విప్పాల్సిందే.

డయల్ లాక్‌కి వచ్చింది, చక్రానికి పట్టు లేదు

స్ప్రింగు విరిగి ఉండవచ్చు, రింగును లాగే కొక్కేలు తెగి ఉండవచ్చు, గ్రీజు ఎండి రింగును పట్టేసి ఉండవచ్చు. షాఫ్ట్ చివరి సర్‌క్లిప్ (గాడిలో కూర్చుని షాఫ్ట్‌ను జారకుండా ఆపే స్ప్రింగు రింగు) ఊడిపోతే షాఫ్ట్ లోపలికి జారి పళ్లు కొద్దిగానే కలుస్తాయి. లోడు పడినప్పుడు టకటకా కొట్టే చప్పుడు వస్తే పళ్లు సగమే కలిశాయి, వెంటనే ఆపండి. అలాగే లాగిస్తే పళ్ల అంచులు గుండ్రబడతాయి, ఆ తర్వాత హబ్ బాగుచేయడానికి పనికిరాదు.

ఫ్రీలో పెట్టినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంది

రింగు వెనక్కి రావడం లేదు. పళ్ల మీద తుప్పు గానీ, అతిగా కూరిన గ్రీజు గానీ, మెలిపడిన షాఫ్ట్ పళ్లు గానీ కారణం. దారిలో ఇలా జరిగితే కంగారు పడక్కర్లేదు. 2హెచ్‌లో ఉన్నంతవరకు హబ్ లాక్‌లో ఉన్నా నష్టం లేదు, ఇల్లు చేరవచ్చు. డీజిలు కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే.

చేత్తో తిప్పకుండా తమంతట తామే లాక్ అయ్యే ఆటో హబ్‌ల తీరు వేరు. విడిపోవాలంటే 2హెచ్‌లో కాస్త వెనక్కి నడపాలి. లోపల రాపిడి మీద ఆధారపడే భాగాలు అరిగితే ఒకసారి పడి ఒకసారి పడవు. వాటికి మాన్యువల్ హబ్ వేయడమే నయం. కొన్ని మోడళ్లలో వీల్ బేరింగు లాక్‌నట్టు కూడా మారుతుంది కాబట్టి పూర్తి కిట్ తీసుకోండి.

విప్పడం

ఇది ఆరు స్టడ్ల (నట్లు బిగించే మర కడ్డీల) బాడీ ఉండే రకానికి. ముందుగా మూత ఆరు బోల్టులు తీయండి. తుప్పు పట్టిన బోల్టును ఒకే పట్టుగా లాగకండి. తల మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, పావు చుట్టు వదులు, పావు చుట్టు బిగింపు చొప్పున కదిలించండి. మూత వచ్చాక షాఫ్ట్ చివర సర్‌క్లిప్ కనబడుతుంది. అది గాడిలో బిగువుగా ఉంటే, షాఫ్ట్ మధ్య మర రంధ్రంలో సరిపోయే బోల్టు తిప్పి షాఫ్ట్‌ను బయటికి లాగి పట్టుకోండి, క్లిప్ సులువుగా వస్తుంది.

తర్వాత బాడీ నట్లు. నట్టు తీసినా బాడీ రాదు, ఎందుకంటే స్టడ్డు చుట్టూ శంఖువు ఆకారపు వాషర్లు బిగుసుకుని ఉంటాయి. నట్లను స్టడ్డు చివరి దాకా వదులుచేసి అక్కడే ఉంచి, ఇత్తడి కడ్డీతో స్టడ్డు చివర కొట్టండి. వాషరు టక్కున ఎగురుతుంది. నట్టు అక్కడ ఉండడం వల్ల స్టడ్డు మర దెబ్బతినదు. బాడీకీ చక్రం హబ్‌కీ మధ్య స్క్రూడ్రైవరు దూర్చి తెరవకండి. గాస్కెట్ కూర్చునే ముఖం మీద పడిన ఒక్క గీత చాలు, నీళ్లు దూరడానికి.

గ్రీజు ఏం చెబుతోంది?

ఈ దశలో ఐదు నిమిషాలు ఆగి చూడండి. పాలరంగులోకి మారి ఉంటే నీళ్లు చేరాయి. వాగులో దిగినప్పుడు వేడెక్కిన హబ్ ఒక్కసారిగా చల్లబడి లోపల గాలి కుంచించుకుంటుంది, బలహీనమైన సీలు గుండా నీటిని పీల్చేస్తుంది. గాస్కెట్, డయల్ ఓ-రింగు, స్పిండిల్ సీలు మూడూ మార్చండి. ఎర్రటి తుప్పు పొడి కలిసి ఉంటే నీళ్లు చాలాకాలంగా నిలిచాయి. వీల్ బేరింగులు తీసి చూడకుండా ముందుకెళ్లకండి.

గ్రీజు పలచబడి, గేరు ఆయిల్ ఘాటు వాసన కొడుతుంటే యాక్సిల్ లోపలి సీలు కారుతోంది. ఆ సీలు మార్చకపోతే కొత్త హబ్ గ్రీజూ కొట్టుకుపోతుంది. మైనంలా గట్టిపడి ఉంటే బేరింగు గ్రీజును హబ్ నిండా కూరారు. లోహపు పొడి మెరుస్తుంటే ఎక్కడో పళ్లు అరుగుతున్నాయి. షాఫ్ట్ పళ్లను గోటితో తడిమి, మెట్టు తగులుతోందేమో చూడండి. తగిలితే కొత్త హబ్ రింగు కూడా అక్కడే తట్టుకుంటుంది.

పళ్ల అంచులు పదునుగా ఉండి, స్ప్రింగు బాగుంటే పాత హబ్‌నే కిరోసిన్‌లో కడిగి, తుప్పు మచ్చలను 400 నంబరు ఎమరీతో తీసి మళ్లీ వాడవచ్చు. పళ్లు గుండ్రబడినా, బాడీ చీలినా మార్చండి, రెండు వైపులా ఒకేసారి.

కొత్తది బిగించడం

కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చాలదు. షాఫ్ట్ పళ్ల సంఖ్య లెక్కపెట్టండి, స్టడ్లు ఐదో ఆరో చూడండి, పాతదాన్ని పక్కన పెట్టి లోతు పోల్చండి.

పళ్ల మీద పలచటి పొర గ్రీజు చాలు. రింగు వేలితో నెట్టగానే జారాలి. గాస్కెట్ కొత్తదే వేయాలి. బాడీ పెట్టి, శంఖు వాషర్లు, నట్లు వేసి ఎదురెదురుగా బిగించండి. పాత టయోటా హైలక్స్ రకానికి బాడీ నట్లు 31 న్యూటన్ మీటర్లు, మూత బోల్టులు 10. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. తర్వాత షాఫ్ట్ బయటికి లాగి సర్‌క్లిప్ వేసి, గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తిప్పి చూడండి.

మూత పెట్టే ముందు డయల్ ఫ్రీలో ఉండాలి. రింగు కొక్కేలు బాడీలో పళ్లు లేని చోటికి ఎదురుగా రావాలి. ఇక్కడ పొరపాటు పడితే మూత కూర్చోదు. బోల్టులతో బలవంతంగా దించితే కొక్కేలు విరిగి, కొత్త హబ్ తొలిరోజే పోతుంది.

చక్రం కింద పెట్టక ముందే మొదటి పరీక్ష మళ్లీ చేయండి. తర్వాత రెండోది. 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ టార్క్ చూడండి. నెలకోసారి హబ్‌లు లాక్ చేసి 2హెచ్‌లోనే కొన్ని కిలోమీటర్లు నడిపితే రింగు కదులుతూ ఉంటుంది, ముందు డిఫరెన్షియల్‌కూ నూనె అందుతుంది.