శ్రీశైలం ముంపు ఊళ్లు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

తాతల ఊరు కృష్ణలో మునిగింది, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే బయటపడుతుందట, ఈసారి కారేసుకుని వెళ్లొద్దాం అనుకుంటున్నవాళ్లు క్యాలెండర్ పక్కనపెట్టి ముందు డ్యాం నీటిమట్టం చూడండి. శ్రీశైలం నిండితే 885 అడుగులు. సుమారు 840 కిందికి దిగితే గానీ సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరాలయం పూర్తిగా బయటికి రాదు. సెలవు పెట్టేసి, రూములు బుక్ చేసేసి, అప్పుడు నీటిమట్టం చూసుకుంటే టెన్షనే.

ఇంకో సంగతి, సంగమేశ్వరాలు రెండున్నాయి. కూడవెల్లిది ముంపు నుంచి తప్పించి, రాళ్లు విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. ఏటా నీళ్లలో మునిగి తేలేది నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపుది. ఊళ్లదీ ఇదే గొడవ: పాత ముచ్చుమర్రి, కొత్త ముచ్చుమర్రి అని రెండుంటాయి, మ్యాప్‌లో ఏది నొక్కారో చూసుకోండి.

అసలు భయం ఒండ్రుతోనే. నీళ్లు వెనక్కిపోయిన నేల పైకి ఎండి, పలకలు పలకలుగా పగిలి గట్టిగానే కనిపిస్తుంది, కింద మాత్రం బురద మెత్తగా ఉంటుంది. మడమతో గట్టిగా తొక్కితే అంచుల్లో తడి ఉబికిందంటే అక్కడికి కారు తీసుకెళ్లకండి, ట్రాక్టర్ టైర్ల గుర్తులున్నా సరే, ట్రాక్టర్ వేరు మన కారు వేరు. గట్టు మీదే ఆపి నడిచి వెళ్లండి. పాత గోడల మధ్య నడిచేటప్పుడు ఊరివాళ్లను ఒకరిని వెంటబెట్టుకోవడం మేలు, బావులెక్కడున్నాయో వాళ్లకే గుర్తు. పిల్లలు నీళ్లలో దిగుతామంటే వద్దనండి, ఒడ్డు దగ్గరే లోతు ఉన్నట్టుండి పెరిగే చోట్లుంటాయి. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల వైపు పడవ ఎక్కాల్సొస్తే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి, మనుషులెక్కువైతే దిగిపోండి, మొహమాటపడొద్దు.

ఎండ గురించి చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి అక్కడుండి పదికల్లా బయటపడాలి, ఆ మైదానంలో చెట్టు నీడ దొరకదు. దోర్నాల మీదుగానో మన్ననూరు మీదుగానో శ్రీశైలం వెళ్లేవాళ్లు గేటు టైం చూసుకోండి, పులుల అడవి కాబట్టి సాధారణంగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వదలరు. లోపల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు అడవిలోకి వెళ్లకముందే పోయించుకోండి, ఆత్మకూరు మీదుగా వెళ్తే అక్కడే.

ఇక ఎవరూ చెప్పని జాగ్రత్త ఒకటి. 1980ల మొదట్లో ఊళ్లు ఖాళీ చేసినప్పటి నష్టపరిహారం గొడవలు చాలా ఇళ్లల్లో ఇంకా చల్లారలేదు. పట్నం నుంచి కారొచ్చి ఆగి, "మా తాత పొలం ఎక్కడుండేది పెద్దయ్యా?" అని అడిగితే అరుగు మీదున్నవాళ్లకు ముందు తట్టేది వాటా. నోరు విప్పరు, లేదా ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. కాబట్టి పొలం మాట ఎత్తకండి. ఇంటిపేరు చెప్పండి, ఫలానావాళ్ల మనవణ్ణి, ఊరు చూసిపోదామని వచ్చాను అనండి, ఊరి దేవర గుడి ఎక్కడుండేది, పీర్ల చావిడి ఎటువైపు అని అడగండి, మాట దానంతటదే కదులుతుంది. ఎవరైనా పాత కాగితాల మూట విప్పితే వెంటనే ఫోన్ తీయకండి, ముందు చదవనివ్వండి, ఫోటో తీసుకోవచ్చా అని అడగండి, సర్వే నంబర్లున్న పేజీని మాత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.