నీళ్ల లెక్క, 5వ పాఠం: సంపు మట్టం పెరిగితే లీకు లేనట్టేనా?

ఈసారి మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకులు మొదలుపెట్టాలి. నాలుగో పాఠంలో చెప్పిన రాత్రి పరీక్ష (మోటారు, మున్సిపల్ లైను కట్టేసి, తెల్లారికి ట్యాంకుల మట్టం ఎంత మారిందో చూడటం) మీరు చేసి పంపిన లెక్కలు చూశాక వాటిని చివరికి జరపక తప్పలేదు. సగానికి పైగా కాగితాల్లో ఒకటే మాట: "పైట్యాంకు కొంచెం తగ్గింది, సంపు కొంచెం పెరిగింది, మొత్తమ్మీద పెద్ద నష్టం లేదు." ఆ "మొత్తమ్మీద" దగ్గరే లెక్క చెడింది. పెరిగిన నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయో తేలకుండా, తగ్గిన నీళ్లలోంచి వాటిని తీసేయకూడదు.

ఒక డిగ్రీ కాలేజీ అనుకుందాం. సంపు లోపలి కొలత 5 మీటర్లు, 4 మీటర్లు. అంటే మట్టం సెంటీమీటరు మారితే 200 లీటర్లు. పైట్యాంకు 4 మీటర్లు, రెండున్నర మీటర్లు. సెంటీమీటరుకు 100 లీటర్లు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా మోటారు ఆపి, మున్సిపల్ లైను వాల్వు కట్టేశారు. తెల్లారి చూస్తే పైట్యాంకు 9 సెంటీమీటర్లు తగ్గింది, 900 లీటర్లు. సంపు 3 సెంటీమీటర్లు పెరిగింది, 600 లీటర్లు. మీరు 300 పోయాయని రాశారు.

ఆ 600 పైనుంచే వెనక్కి దిగి ఉంటే మీ లెక్క సరే. గంటకు 50 లీటర్లు, రోజుకు 1,200. అదే ఆ 600 భూమిలోంచి ఊరి ఉంటే, పైనుంచి పోయిన 900 లీటర్లూ కుళాయిల్లో, మరుగుదొడ్ల దగ్గర కారిపోయినట్టు. గంటకు 150, రోజుకు 3,600. కొలతలు అవే, జవాబు మూడింతలు మారింది. ఏ వాల్వు కొనాలి, ఎక్కడ తవ్వాలి అన్నది దీన్నిబట్టే ఉంటుంది.

సంపులోకి నీళ్లు మూడు దారుల్లో రావచ్చు. మొదటిది మున్సిపల్ లైను. పాత గేటు వాల్వు ఎంత బిగించినా కొంత వదులుతుంది. టార్చి వేసి ఇన్‌లెట్ పైపు (సంపులోకి నీళ్లొచ్చే పైపు) మూతి చూడండి. చుక్కలు పడుతుంటే కింద బకెట్ కట్టి పది నిమిషాలు పట్టండి. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

రెండోది మోటారు పక్కనున్న నాన్ రిటర్న్ వాల్వు, పైకెక్కిన నీళ్లు వెనక్కి దిగకుండా ఆపేది. డెలివరీ పైపు ట్యాంకు అడుగున కలిసినా, పైనుంచి వచ్చి నీళ్లలో మునిగినా, వాల్వు సీటులో ఇసుక పలుకు ఇరుక్కుంటే చాలు, పైనీళ్లు మోటారు గుండా సంపులోకి దిగుతాయి. సంపులో మోటారు పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు కూడా వదులుతుంటేనే ఇది జరుగుతుంది, రెండూ కలిసి చెడటం మామూలే. దీన్ని పట్టడానికి మర్నాటి రాత్రి పైట్యాంకు నుంచి కిందికి దిగే గేటు వాల్వులన్నీ కట్టేసి మళ్లీ కొలవండి. కట్టాక అన్నిటికన్నా కింది అంతస్తులో కుళాయి తిప్పి ఉంచితే పైపులో మిగిలింది కారి ఆగిపోవాలి. ఆగకపోతే ఆ గేటు వాల్వే వదులుతోంది, దాన్ని బాగుచేయించకుండా ఆ రాత్రి కొలత పనికిరాదు. వాల్వులు గట్టిగా కట్టినా ట్యాంకు 6 సెంటీమీటర్లు తగ్గి, సంపు 3 పెరిగితే (రెండూ 600 లీటర్లే) దోషి నాన్ రిటర్న్ వాల్వు. ట్యాంకు కదలకుండా సంపు మాత్రం పెరిగితే మూడో దారి చూడాలి.

మూడోది ఊట. గోదావరి డెల్టాలో దీన్ని ముందు అనుమానించాలి, మీలో ఒక్కరూ అనుమానించలేదు. ధవళేశ్వరం నుంచి కాలవలు వదిలాక, చేలల్లో నీళ్లు నిలిచాక, భూగర్భ మట్టం చాలా ఊళ్లలో రెండు మీటర్ల లోపుకి వస్తుంది. రెండున్నర మీటర్ల లోతు సంపు అడుగు ఆ నీళ్లలోనే కూర్చుని ఉంటుంది. గోడలో సన్న పగులు, పైపు దూరే చోట సరిగా పూడ్చని సందు ఉంటే నీళ్లు లోపలికొస్తాయి. వేసవిలో కాలవలు కట్టేశాక బయటి మట్టం పడిపోతుంది, ఆ పగుళ్లలోంచే నీళ్లు బయటికి పోతాయి. ఆగస్టులో ఊరే సంపే మేలో కారే సంపు. అందుకే ఒక్క కాలంలో చేసిన పరీక్ష చాలదు.

ఊటను టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) పట్టొచ్చు, సంపు నిండుగా ఉంటే మాత్రం కుదరదు. మున్సిపల్ నీళ్ల టీడీఎస్ 250, సంపు చుట్టూ నేలనీటిది 1,750 అనుకోండి. సంపులో 30,000 లీటర్లుంటే, అందులో 600 ఊట కలిసినా మీటరు 280కి అటూఇటుగా చూపిస్తుంది. చవక మీటరు తప్పులోనే అది కలిసిపోతుంది. అదే సంపును 27 సెంటీమీటర్లకు దించి, 5,400 లీటర్లతో మొదలుపెడితే, 600 కలిశాక తెల్లారికి 400 చూపిస్తుంది. తేడా సందేహం లేకుండా కనిపిస్తుంది.

నేలనీటి నమూనా ఎక్కణ్ణించి తీస్తారన్నది ఇక్కడ ముఖ్యం. ఆవరణలో ఉన్న లోతు బోరు నీళ్లు పట్టి పోల్చకండి. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఒకే స్థలంలో లోతు మారితే ఉప్పు మారుతుంది. సంపుకు రెండు మీటర్ల దూరంలో ఆగర్‌తో (నేలను తొలిచే బరమాతో) రంధ్రం వేసి, ఊరిన నీళ్లు ఒకసారి తోడి పారబోసి, రెండోసారి ఊరినవి పట్టండి. సంపులో కూడా పైన ఒకటి, అడుగున ఒకటి పట్టండి. ఉప్పునీళ్లు బరువుగా అడుగుకి చేరతాయి.

కాలవ గట్టున ఉన్న ఊళ్లలో నేలనీళ్లు కాలవ నీళ్లంత తియ్యగా ఉంటే మీటరు ఏమీ తేల్చదు. అప్పుడు మట్టం ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. సంపు బాగా దించినప్పుడు గంటకు ఎంత, సగం ఉన్నప్పుడు ఎంత అని విడివిడిగా రాయండి. ఊటైతే మట్టం పెరిగేకొద్దీ వేగం తగ్గి, బయటి నేలనీటి మట్టం దగ్గర ఆగిపోతుంది. మున్సిపల్ వాల్వు వదులుతుంటే మట్టంతో పనిలేకుండా ఒకే వేగం ఉంటుంది.

వానాకాలంలో సంపును పూర్తిగా ఖాళీ చేయకండి. బయటి నీటి ఒత్తిడికి అడుగు పలక పైకి లేచి పగిలే ప్రమాదం ఉంది, ఫైబరు ట్యాంకైతే ఏకంగా తేలుతుంది. కొలత కోసం లోపలికి దిగనక్కర్లేదు, దిగకండి కూడా.

ఊట తేలిందంటే అది నీళ్ల పొదుపు మాటొక్కటే కాదు. ఆ పగులులోంచి సెప్టిక్ ట్యాంకు నీళ్లూ రాగలవు. బాగుచేసేదాకా ఆ నీళ్లు తాగడానికీ వంటకీ వాడకండి. మిగతా వాడకానికైనా కుళాయి చివర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మరమ్మతుకు మంచి కాలం కాలవలు కట్టేసిన రోజులే, గోడలు ఆరతాయి. పగులును లోపలి నుంచి వి ఆకారంలో చెక్కి, త్వరగా గట్టిపడే సిమెంటుతో పూడ్చి, దానిపైన వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. పగులు చెక్కకుండా పైపైన పూత పూస్తే వర్షాలకు పొరలుగా ఊడిపోతుంది. ఆ డబ్బు దండగ.

కొలతకు నేను స్టీలు టేపే వాడమంటాను. చివర సుద్ద రాసి దింపితే తడి గీత మిల్లీమీటరు దాకా తెలుస్తుంది. మ్యాన్‌హోల్ అంచున గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కణ్ణించే దించండి. ట్యాంకు మట్టం చూపే నాలుగు దీపాల ఇండికేటరు పావు ట్యాంకు తేడా వస్తేగానీ మారదు, ఈ పనికి వద్దు.

ఇక ఫ్లష్ ట్యాంకులు. రాత్రి పోయే నీళ్లలో పెద్ద వాటా తరచుగా వీటిదే. ట్యాంకులో మిఠాయి రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా 20 నిమిషాలు ఆగండి. బేసిన్‌లో రంగు కనిపిస్తే అడుగు రబ్బరు మార్చాలి. డ్యుయల్ ఫ్లష్ (తక్కువ నీళ్లకొకటి, ఎక్కువ నీళ్లకొకటి రెండు మీటలున్నది) గురించి ఆరో పాఠంలో వివరంగా చెప్తాను, అప్పటిదాకా ఏదీ కొనకండి.

అభ్యాసం: వరసగా మూడు రాత్రులు కావాలి, సెలవు రోజులైతే మేలు. మొదటి రాత్రి వాల్వులన్నీ మామూలుగా, మున్సిపల్ లైను మాత్రం కట్టి. రెండో రాత్రి పైట్యాంకు దిగువ వాల్వులు కూడా కట్టి. మూడో రాత్రి సంపు 30 సెంటీమీటర్ల లోపుకి దించి, ఇన్‌లెట్ పైపు యూనియన్ (విప్పి బిగించే జాయింటు) విప్పేసి, రాత్రీ పొద్దునా టీడీఎస్ తీసి. ప్రతి రాత్రీ రెండు గంటలకోసారి రెండు ట్యాంకుల మట్టం రాయాలి. మూడు రాత్రుల కొలతలూ లీటర్లలోకి మార్చి, దారివారీగా విడదీసి పంపండి. సెంటీమీటర్లలో పంపినవి చూడను. ఆస్పత్రుల వాళ్లు భవనం మొత్తం మీద ఈ పరీక్ష చేయలేరు. ఔట్‌పేషెంట్ విభాగంలాగా రాత్రి మూసే వింగును విడిగా కట్టి చేయండి.