రోహిణి కార్తె రాకముందే పెరట్లో ముంగిస కోసం

మా ఇల్లు పెనమలూరు వైపు. నేను కాపురానికి వచ్చినప్పుడు చుట్టూ చెరకు, అరటి తోటలే. ఇప్పుడన్నీ ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు. తోటలు పోయినా ముంగిసలు పోలేదు. ఖాళీ ప్లాట్లలోని సర్కారు తుమ్మ పొదల్లో, కాంపౌండ్ గోడల వెంబడి, రాళ్లగుట్టల సందుల్లో ఎలాగో నెట్టుకొస్తున్నాయి. ఏప్రిల్ నుంచి మృగశిర దాకా వాటికి గడ్డుకాలం. ఒకపక్క కాలువలు కట్టేసి ఉంటాయి. ఇంకోపక్క ఆకుల కుప్పలు తగలబెడుతుంటాం. వానలు పడేలోపు పునాదులు లేవాలని ప్లాట్లలోకి జేసీబీలు దిగుతాయి. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లలు పెట్టే జీవి కాబట్టి ఈ రోజుల్లోనే కలుగులో పిల్లలు కూడా ఉండొచ్చు.

అన్నిటికన్నా ముందు ఎలుకల మందు మానేయండి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆ తప్పు మా ఇంట్లో జరిగింది. పందికొక్కులు గోడ కింద తవ్వేస్తున్నాయని మందు బిళ్లలు తెచ్చి కన్నాల దగ్గర పెట్టాం. నాలుగో రోజు పొద్దున తులసికోట పక్కన ముంగిస చచ్చి పడుంది. పరీక్ష చేయించలేదు గానీ, ముందురోజు సాయంత్రం అది తూలుతూ నడుస్తున్న ఒక పందికొక్కును నోట కరుచుకుపోవడం మా అత్తగారు చూశారు. "ఇంటికి కాపలా ఉన్నదాన్ని మనమే చంపుకున్నాం కదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

బ్రోమాడయోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోలోపల రక్తస్రావమై, కొన్ని రోజులకు చస్తుంది. ఆలోపు మత్తుగా, నెమ్మదిగా, పట్టపగలే బయట తిరుగుతుంది. ముంగిసకు, గుడ్లగూబకు, పెంపుడు పిల్లికి అంతకన్నా సులువుగా దొరికే ఎర ఏముంటుంది? ఎలుకలోని విషం దాన్ని తిన్నదానికీ ఎక్కుతుంది. అంటే ఎలుకలను పట్టేవాటినే ముందు పోగొట్టుకుంటాం, ఎలుకలేమో మళ్లీ పుట్టుకొస్తాయి. మేమిప్పుడు ఇనుప బోను పెడుతున్నాం, కన్నాలు గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూస్తున్నాం, బియ్యం మూతబిగువు డబ్బాల్లో పోస్తున్నాం. కన్నం మూసేముందు రెండు రోజులు దాని నోటికి ఎండుగడ్డి అడ్డం పెట్టి చూడండి. గడ్డి కదిలితే లోపల ఏదో ఉన్నట్టే, అప్పుడు మూయకండి. బోనును పొద్దున, సాయంత్రం చూడాలి. ముంగిస పడితే అక్కడే తలుపు తీసి దూరంగా జరగండి. ఎక్కడికో తీసుకెళ్లి వదిలితే కలుగులో దాని పిల్లలు ఆకలికి చస్తాయి. జిగురు అట్టలు మాత్రం పెరట్లోకి అసలు తేవద్దు. వాటికి ఎలుకలే కాదు, తొండలు, పాములు, ముంగిస పిల్లలూ అంటుకుంటాయి.

నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు చాలు. రెండంగుళాల లోతు, మధ్యలో ఒక రాయి, గోడవారన నీడలో పెట్టండి. దోమలు పెరగకుండా రోజూ పారబోసి మళ్లీ నింపాలి. పాలు వద్దు, అన్నం వద్దు, బిర్యానీ ఎముకలు అసలే వద్దు. అవి కుక్కల్నీ ఎలుకల్నీ పిలుస్తాయి. ముంగిస తిండి ముంగిసే వెతుక్కుంటుంది: పురుగులు, నత్తలు, తేళ్లు, ఎలుకలు, అప్పుడప్పుడూ పాము.

సంప్‌కు మూత ఉండాలి. ఇల్లు కడుతూ గుంత తీసి వదిలేస్తే అందులో ఏటవాలుగా ఒక చెక్క దించండి, పడినది ఎక్కి వస్తుంది. పాదుల మీద నైలాన్ వల కడితే అంచు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. నేలమీద కుప్పగా పడిన వలలో కాళ్లు చుట్టుకుంటే ఎండకు గంటల్లో ప్రాణం పోతుంది.

ఆకుల కుప్పకు నిప్పు పెట్టకండి. మూలన వదిలేస్తే ఎరువవుతుంది. తీయక తప్పకపోతే ముందు కర్రతో తట్టి, చల్లబడిన సాయంత్రం పూట కదపండి. గడ్డి కోసే మిషన్‌కీ ఇదే పద్ధతి. ప్లాటు చదును చేయిస్తుంటే డ్రైవర్‌తో ఒక్క మాట చెప్పండి: నాలుగు పక్కల నుంచి చుట్టుముట్టకుండా రోడ్డు వైపు మొదలుపెట్టి, పొదలున్న వైపు తోసుకుంటూ పోవాలని. మా పక్క ప్లాటు డ్రైవర్ ఆ మాట విన్నాడు. తల్లి, వెనకే రెండు పిల్లలు గోడ దాటడం మేం కళ్లారా చూశాం.

కోళ్లున్నవాళ్ల బాధా నిజమే, ముంగిస కోడిపిల్లల్ని వదలదు. గూటి చుట్టూ వల బిగించి, దాని అంచు జానెడు లోతున పాతిపెట్టాలి. రాళ్లు వేసి కొట్టడం, ఉచ్చులు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బొమ్మల కుంచెల కోసం ఈ జీవి వెంట్రుకలను ఇంకా దొంగచాటుగా అమ్ముతున్నారు. అలాంటి కుంచె కనిపిస్తే కొనకండి.

దెబ్బతగిలిన ముంగిసను చేత్తో పట్టుకోవద్దు. పాత తువ్వాలు కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలోకి జరిపి, చీకటిగా ఉన్నచోట ఉంచి అటవీశాఖకు చెప్పండి. నోట్లో నీళ్లు పోయకండి. అది కరిస్తే సబ్బు పెట్టి పావుగంట ధారగా కడిగి, అదేరోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. చిన్న కాటే కదా అని ఊరుకోవద్దు.

పిల్లలు ఒంటరిగా కనిపిస్తే ఎత్తుకోకండి. తొలకరికి కలుగులోకి నీళ్లొస్తే తల్లి ఒక్కో పిల్లను నోట కరుచుకుని మిట్టకు మారుస్తుంది. ఆ పూట కుక్కను కట్టేసి, వెనక గేటు కింద సందు తెరిచి ఉంచండి. మాకు అయిదంగుళాల సందు సరిపోయింది.