పక్క పిల్ల ఏడుస్తుంటే మీవాడు ఇంకొకణ్ణి కొడుతున్నాడా?

లక్షణం: పక్క పిల్ల ఏడుస్తోంది. మీవాడు పట్టించుకోడు, లేదంటే పోయి ఎవరినో ఒకరిని కొడతాడు. "వీడికి జాలే లేదు టీచర్" అని తల్లులు వస్తారు. ఉరవకొండ పక్కన అంగన్‌వాడీలో ఇన్నేళ్లుగా ఇదే మాట వింటున్నా. నేను మొదట అడిగేది ఒకటే: పొద్దున ఏం తిన్నాడు?

నవ్వకండి. చెనిక్కాయ పీకే రోజుల్లో అమ్మానాయనా తెల్లారకముందే చేనికి పోతారు. నిద్ర చాలక, ఖాళీ కడుపుతో వచ్చినవాడికి పక్కవాడి ఏడుపు ఎక్కదు. గుడ్డన్నం తిన్నాక మళ్లీ చూడండి. చాలామటుకు అక్కడే తేలిపోతుంది. ఎంత చెప్పినా ఇది చూడకుండానే నా దగ్గరికి వస్తారు.

రెండోది వయసు. అప్పుడే పుట్టిన బిడ్డ కూడా పక్క ఉయ్యాల్లో ఏడుపు వింటే ఏడుస్తుంది, కానీ అది అర్థమై కాదు. 1997లో అమెరికాలో రెపాచోలి, గాప్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. ఒకామె పిల్లల ముందు బ్రోకలీ అనే కూరగాయ ఇష్టంగా తిని, బిస్కెట్లు చూసి మొహం చిట్లించింది. తర్వాత పెట్టమని చెయ్యి చాపితే 14 నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్లే ఇచ్చారు. 18 నెలల వాళ్లు బ్రోకలీ ఇచ్చారు. అంటే ఎదుటివాళ్ల ఇష్టం వేరని తెలియడానికే ఏడాదిన్నర పట్టింది. అక్క వెంట సెంటర్‌కు వచ్చే ఏడాది పిల్లను తిట్టడం దండగ.

ఇక నన్ను బాగా మోసం చేసిన కారణం. నాలుగేళ్లవాడు ఒకడుండేవాడు. ఎవరు ఏడ్చినా సరే, లేచి దగ్గరున్న వాణ్ణి ఒక్కటి వేసేవాడు. మొండివాడనుకుని మూలన కూర్చోబెట్టా, సారీ చెప్పించా. సారీ బాగా నేర్చుకున్నాడు, కొట్టడం మాత్రం మానలేదు. ఒకరోజు వాణ్ణి దింపడానికి వాళ్లింటికి పోతే గడప తగిలి పడ్డాడు. వాళ్లవ్వ పరుగున వచ్చి "నా బంగారాన్ని కొడతావా?" అని గడపను నాలుగు బాదింది. వాడు వెంటనే ఏడుపు ఆపాడు. నాకప్పుడు వెలిగింది. ఎవరైనా ఏడిస్తే చేయాల్సిన పని వాడికి బాగానే తెలుసు: ఎవరినో ఒకరిని కొట్టాలి! వాడి లెక్కలో అది ఓదార్పే.

మందు: గడపను వదిలేసి మోకాలు చూడండి. "మంటగా ఉందా? ఊదనా?" అని అడగండి. ఇంకో పిల్ల ఏడిస్తే వాడికి పని చెప్పండి, నీళ్ల గ్లాసు తెమ్మనండి. సారీ కోసం పట్టుబట్టొద్దు. ఆ పిల్లవాడికి నెల పట్టింది, అవ్వకు ఇంకా ఎక్కువే.

పిలిచినా తిరగకపోతే, మాట ఆలస్యమైతే ముందు చెవులు చూపించండి. సెంటర్‌కు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం) డాక్టర్లకు చెప్తే చాలు. వినపడక పట్టించుకోనివాళ్లు అరుదు.

పండక్కి మేనత్త ఊరికి పోయొచ్చాక కొట్టడం మళ్లీ మొదలవుతుంది. అక్కడా గడపలున్నాయి కదా. కంగారుపడకుండా మళ్లీ నీళ్ల గ్లాసు దగ్గరి నుంచి మొదలుపెట్టండి.