ప్లూమ్ మాత్‌ని ఎలా గుర్తుపట్టాలి, ఏ ఫ్యామిలీలో పెట్టాలి

లైటు దగ్గర గోడ మీద ఇంగ్లీషు టి అక్షరంలా రెక్కలు అడ్డంగా చాపుకుని కూర్చున్న సన్నటి మాత్ (సీతాకోకచిలుకలాంటి రాత్రి పురుగు) కనిపిస్తే అది చాలావరకు టెరోఫోరిడే, అంటే ప్లూమ్ మాత్‌ల ఫ్యామిలీదే. కదపకుండా ముందు ఒక ఫోటో తీస్కోండి, తర్వాత లెన్స్‌తో చూడండి, ముందు రెక్క 2 పాయలుగా, వెనక రెక్క 3 పాయలుగా చీలి అంచులకి వెంట్రుకల కుచ్చు ఉంటే ఇక డౌటే లేదు. ఒక్కో రెక్కకి 6 పాయలుంటే మాత్రం అది అలూసిటిడే, వేరే ఫ్యామిలీ, చాలామంది ఇక్కడే రెండిటినీ కలిపేస్తారు. ఇంకో మెలిక, అగ్డిస్టిస్ అనే జీనస్‌లో (ఫ్యామిలీ లోపలి చిన్న గుంపు) రెక్కలు అసలు చీలవు, అయినా టెరోఫోరిడేలోనే పెట్టాలి, అందుకే పొడుగు కాళ్లూ వాటి మీద ముళ్లూ కూడా చూడమంటాను. స్పీసీస్ తేల్చాలంటే ఒక్క రంగునే నమ్ముకోవద్దు, చాలాసార్లు జననాంగాలు మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే, గొంగళిపురుగు దొరికితే ఏ మొక్క తింటోందో తప్పకుండా రాసిపెట్టుకోండి.