విదేశీ చదువుకు ప్రయాణం, 3వ పాఠం: సదరం శాతం చాలదు, లెటర్ కావాలి

ఈ పాఠం అమెరికా వెళ్లాలనుకునే వైకల్యమున్న విద్యార్థులకు. అక్కడి పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్ఈ పరీక్షకీ, ఆ తర్వాత యూనివర్సిటీకీ పనికొచ్చే డాక్టర్ లెటర్ ఎలా రాయించుకోవాలో చూద్దాం.

మన దగ్గర సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటే చాలా పనులు జరిగిపోతాయి. పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అక్కడ అలాంటి ఒకే లెక్క లేదు. ఏ పని కష్టం, ఎందుకు కష్టం, దానికి ఏ సదుపాయం కావాలి? లెటర్‌లో ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి కనిపించాలి.

‘కుడిచేతి వైకల్యం, 60 శాతం’ అని మాత్రమే రాస్తే అదనపు సమయం ఎందుకో చదివేవాళ్లకు అర్థం కాదు. ‘కండరాల బలహీనత వల్ల పావుగంట టైప్ చేసేసరికి వేళ్లు బిగుసుకుపోతాయి, పది నిమిషాలు ఆగితే గానీ కదలవు. అందుకే ఒకటిన్నర రెట్ల సమయం, మధ్యలో విరామాలు అవసరం’ అని రాస్తే అర్థమవుతుంది. ఈ నిమిషాలు మీరే కొలవాలి, ఓపీలో డాక్టరుకి అంత తీరిక ఉండదు. మూడు రోజులు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని టైప్ చేయండి. చెయ్యి ఆగిన ప్రతిసారీ టైము రాసుకుని, ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పొద్దు.

లెటర్‌హెడ్, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. మనవాళ్లకు ఎక్కువగా తేడా వచ్చేది పేరు దగ్గర. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. లెటర్‌లో పాస్‌పోర్టు పేరే ఉండాలి. ఇంటర్‌లో, డిగ్రీలో స్క్రైబ్‌కి (మీ బదులు పరీక్ష రాసిపెట్టే మనిషికి) అనుమతిచ్చిన కాగితాలుంటే జతచేయండి.

జీఆర్ఈకి ముందు సదుపాయాల కోసం అప్లై చేయాలి, ఆమోదం వచ్చాకే పరీక్ష తేదీ తీసుకోవాలి. కాగితాలన్నీ అందాక పరిశీలనకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఒక్కటి తగ్గినా ఆలస్యమే. కాబట్టి పరీక్షకు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి.

జీఆర్ఈ ఆమోదం యూనివర్సిటీకి దానంతటదే చేరదు. సీటు వచ్చాక అక్కడి డిసెబిలిటీ ఆఫీసుకు మీరే రాయాలి. అడగనిదే వాళ్లు ఏ ఏర్పాటూ చేయరు. స్నానానికీ బట్టలకీ సాయం చేసే మనిషిని ఇవ్వాల్సిన బాధ్యత యూనివర్సిటీకి లేదు, ఆ ఖర్చు మీ బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోండి.

అభ్యాసం: మీకు కష్టమయ్యే మూడు పనులు తీసుకుని, ఒక్కోదానికి పని, కారణం, సదుపాయం మూడు గళ్లలో రాయండి. మూడో గడి ఖాళీగా మిగిలితే ఆ పని లెటర్‌లో వద్దు.