మీటర్ మీద లైటు చూసి మీ ఇంటి బొగ్గు లెక్క కట్టండి

మా డాబా మీద నుంచి బొగ్గుతో కరెంటు తీసే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. వడియాలు పెట్టేముందు మా అత్తయ్య డాబా కడిగి, ఆరాక అరచేత్తో రాసి చూస్తారు. చేతికి బూడిద అంటితే మళ్లీ కడగాల్సిందే. ఆ బూడిదలో మా ఇంటి వాటా ఎంతో తెలుసుకోవాలనిపించి ఈ లెక్క మొదలుపెట్టాను.

ముందు కరెంటు బిల్లు తీసి యూనిట్లు చూడండి. మన దేశంలో సగటున యూనిట్‌కి దాదాపు 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. సోలార్, జలవిద్యుత్ కూడా కలిపి తీసిన సగటు ఇది. ఒక్క బొగ్గు కరెంటే అయితే కిలోకి దగ్గరగా ఉంటుంది. మాకు అప్పట్లో నెలకి 240 యూనిట్లు వచ్చేవి, అంటే 168 కిలోలు. పొగగొట్టానికి ముందు ఉండే యంత్రాలు బూడిదని చాలావరకు పట్టేస్తాయి కానీ ఈ వాయువుని పట్టవు.

ఇక అసలు పని. మీటర్ మీద మిణుకుమనే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. మీటర్‌ని ముట్టుకోవద్దు, దూరంగా నిలబడి చూస్తే చాలు. ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ మర్చిపోతారు, నేనూ మొదటిసారి మర్చిపోయి లెక్కంతా తప్పు కట్టాను. లైటు పూర్తిగా ఆగాక ఒక్క ఫ్యాన్ ఫుల్ స్పీడులో వేసి పది నిమిషాలు లెక్కపెట్టండి.

మా మీటర్‌ది 3200. పాత ఫ్యాన్‌కి 40 సార్లు వెలిగింది, అంటే 75 వాట్లు. తర్వాత కొన్న, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటార్ ఫ్యాన్‌కి 16 సార్లే, అంటే 30 వాట్లు. గాలిలో తేడా ఏమీ తెలియలేదు. మూడు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగే ఇంట్లో ఇవి మారిస్తే నెలకి 48 యూనిట్లు తగ్గుతాయి, దాదాపు 34 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఎండాకాలమే కాదు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఫ్యాన్ తిప్పే మనలాంటి వాళ్లకి అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే అని నా గట్టి నమ్మకం.

గీజర్ వేస్తే ఆ లైటు లెక్కపెట్టడానికి కూడా అందదు. నీళ్లు కాగగానే స్విచ్ తీసేయండి. ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. నీళ్ల మోటార్, వాషింగ్ మెషీన్ సాయంత్రం కాకుండా మిట్టమధ్యాహ్నం వేయండి. ఆ వేళ గ్రిడ్‌లో సోలార్ ఎక్కువ ఉంటుంది, పొద్దు గుంకాక బొగ్గు మీద భారం పెరుగుతుంది.

బూడిద పడే ఊళ్లో ఉంటే డాబా, కిటికీలు పొడి చీపురుతో ఊడవకండి, సన్నటి పొడి లేచి మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిగుడ్డతో తుడవండి.

ప్రతి ఆదివారం మీటర్ రీడింగ్‌ని గోడమీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. బిల్లు కోసం నెలంతా ఆగితే ఏది మార్చడం వల్ల తగ్గిందో తేలదు.